డర్హాం గనిపల్లెల ఫుట్‌బాలు లీగు
(మహాసభ యువజనగోష్ఠియందు చదువబడిన ఉపన్యాసము)



ఈ సంవత్సరము మన యువజనులు మహాసభ యెదుట నొక కోరిక నుంచియున్నారు. మన కులమువారి జట్లకు ప్రత్యేకముగా ఏటేట ఫుట్‌బాలు పోటీలు జరుపవలయుననియు, గెలిచిన జట్టున కొక పెద్ద వెండికప్పు నొసంగవలయుననియు వారి యభిలాష. ఔదార్యవంతులైన పోషకులు కొందరు అందులకు ద్రవ్య మిచ్చుటకు సిద్ధముగా నున్నారు. రేపు ఈ విషయము విషయనిర్ణయసంఘము ముందునకు రానున్నది. అంతకుముందు క్రీడాసంఘములను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. హితబోధ చేయుటకంటె ఒక చరిత్రమును వినిపించుట మేలని మాకు తోచినది.

మేము చెప్పబోవునది ఇంగ్లండుదేశపు ఈశాన్యభాగమున, డర్హాం మండలపు బొగ్గుగనుల పల్లెలలో పుట్టి పెరిగిన నార్దర్ను లీగు చరిత్రము. దొరల ఆటలతో మనకేమి పని యని యెవ్వరును తలంపవలదు. ఆ లీగును వెలిగించినవారిలో పెక్కురు భూగర్భమున నడుము వంచి బొగ్గు త్రవ్వి పొట్టపోసికొన్న కూలివాండ్రు. వారు చందాలతో జట్లు కట్టుకొనిరి, వేతనము లేక ఆడిరి, లోకప్రసిద్ధి గాంచిరి, ఆ పిమ్మట ఒక తరము గడచునప్పటికి వారి వైభవము కథామాత్రమైనది. చిన్న యూళ్లవారు కట్టుకొన్న సంఘము ఎట్లు లేచును, ఎట్లు పడును అను ప్రశ్న మనకును సంబంధించినదే గదా!

డర్హాం మండలపు పశ్చిమభాగము మెట్టపల్లములుగల నేల. క్రూక్, విల్లింగ్టన్, టౌలా, ఈవెన్‌వుడ్, కాక్‌ఫీల్డ్, వెస్ట్ ఆక్లండ్ అనునవి అచ్చటి చిన్న యూళ్లు. బిషప్ ఆక్లండ్ వాని నడుమ సంతపట్టణము. మన సింగరేణి ప్రాంతమున ఇల్లెందును, కొత్తగూడెమును, బెల్లంపల్లిని చూచినవారికి ఆ యూళ్ల స్వరూపము వేరుగా వర్ణింపనక్కరలేదు. గని తెరువబడినచోట ఇండ్లవరుసలు లేచినవి. ఇండ్లవరుసల చివర ప్రార్థనామందిరము, సహకారపు అంగడి, కార్మికసంఘపు కార్యాలయము వెలసినవి. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు ఆ మండలపు గనులలో 1,50,000 మందికి మించి పనిచేయుచుండిరి. 1913వ సంవత్సరమున వారు త్రవ్విన బొగ్గు 4 కోట్ల టన్నులకు పైబడినది.

1885లో ఇంగ్లండుదేశపు ఫుట్‌బాలు అసోసియేషను జీతము పుచ్చుకొని ఆడుటకు అనుజ్ఞ యిచ్చెను. 1888లో పెద్దపట్టణముల క్లబ్బులు చేరి ఫుట్‌బాలు లీగును స్థాపించినవి. దాని మరుసటి యేడే, అనగా 1889లో, నార్దర్ను లీగు పుట్టినది. నేటికి జీవించియున్న లీగులలో ప్రాచీనతనుబట్టి లోకమున దీనిది రెండవ స్థానము. ఆదిలో జీతగాండ్రను గలిగిన క్లబ్బులును ఇందుండెడివి. 20వ శతాబ్దపు తొలిదినములలో ఆ పద్ధతి తొలగి ఈ లీగు కేవలము ఔత్సాహికులదే యయ్యెను. ఔత్సాహికుడనగా ఆటకు కూలి గొననివాడు. ప్రయాణపు ఖర్చు, ఆడిననాటి భోజనము తప్ప వానికి దమ్మిడీ యైనను ముట్టరాదు. శనివారము ఉదయము గనిలోనికి దిగి పనిచేసి, పైకి వచ్చి ముఖము కడిగికొని, మధ్యాహ్నము ఆటస్థలమునకు బోవుట ఆ యూళ్లలో ఆశ్చర్యకరమైన విషయము కాదు.

ఈ జట్ల వెనుక నిలిచిన బలమేదియో గ్రహింపవలయును. ఆ బలము ధనికుల దానము గాదు. నిత్యమైన చిన్న చందా. ముసలి గనికార్మికులకు ఇండ్లు కట్టించుటకై 1898లో అచ్చటివా రొక సంఘమును స్థాపించి, పనిచేయువారి వారపు చందాలతోనే దానిని నడిపిరి. 1920వ సంవత్సరపు గనుల చట్టముచే, పైకి వచ్చిన ప్రతి టన్ను బొగ్గునకు ఒక పెన్నీ చొప్పున గని యజమానులు క్షేమనిధికి చెల్లింపవలసినవారైరి. ఆ నిధితో గనియూళ్లలో ఆటస్థలములు, చదువుశాలలు, స్నానశాలలు ఏర్పడినవి. టన్నుకొక పెన్నీ యనగా అత్యల్పము; కాని టన్నులు కోట్లుగదా! చుక్కచుక్కగా కూడిన ఆ నిధియే పల్లెపిల్లలకు చదునైన పచ్చిక నిచ్చినది. పల్లెలో ఆటస్థల మున్నప్పుడు ఆటగాండ్రు తామే పుట్టుదురు. లాంగ్లీపార్కు అను గనిపల్లెలో పెరిగిన కార్మికుని కుమారుడు బాబీ రాబ్సన్ పిమ్మట ఇంగ్లండు జట్టునకు శిక్షకుడైన సంగతి లోకమెరిగినదే.

ఇక వారి కీర్తిని గూర్చి చెప్పెదము. సర్ థామస్ లిప్టన్ అను తేయాకు వర్తకుడు 1909లో ఇటలీదేశపు ట్యూరిన్ నగరమున నానాదేశపు జట్ల పోటీకొక కప్పు నుంచెను. ఇంగ్లండు ఫుట్‌బాలు అసోసియేషను తన పక్షమున జట్టును పంప నిరాకరించెను. అప్పుడు ఇంగ్లండు పేర ట్యూరిన్ వెళ్లినది వెస్ట్ ఆక్లండ్ అను గనిపల్లె జట్టు. ఆ కూలివాండ్రు జర్మను జట్టును, స్విట్జర్లండు జట్టును ఓడించి కప్పు గెలిచిరి. 1911లో మరల వెళ్లి, కడపటి ఆటలో యువెంటస్ జట్టును 6 గోలులకు 1 గోలుగా ఓడించి, రెండవమారు ఆ కప్పును తెచ్చుకొనిరి. నేడు యువెంటస్ పేరెరుగని ఫుట్‌బాలు ప్రియుడు లేడు. వెస్ట్ ఆక్లండ్ పేరెరిగినవారు మిక్కిలి కొలదిమంది.

క్రూక్ గ్రామమున 1884లో జన్మించిన జాక్ గ్రీన్‌వెల్ 1909లో ఈ జట్టుతో ట్యూరిన్ వెళ్లినవాడే. అతడు 1912లో స్పెయినుదేశపు బార్సిలోనా క్లబ్బులో చేరి, తరువాత పెక్కేండ్లు దానికి శిక్షకుడై, 1939లో దక్షిణ అమెరికా విజేతలుగా నిలిచిన పెరూ జట్టునకు గురువయ్యెను. ఒక గనియూరి బిడ్డ సముద్రములు దాటి అన్యభాషల వారికి ఆట నేర్పెను. ఊరిలోని చిన్న ఆటస్థలము ఎంతదూరము ఫలించునో దీనినిబట్టి తెలియగలదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము వచ్చిన పదునైదేండ్లు ఆ లీగునకు మధ్యాహ్నసూర్యుని కాలము. ఔత్సాహికుల కప్పు పోటీలో 1950లో విల్లింగ్టన్ జట్టు వెంబ్లీ మహామైదానమున బిషప్ ఆక్లండ్ జట్టును 4 గోలులకు సున్నగా ఓడించెను. ఒకదానికొకటి కొలదిమైళ్ల దూరముననున్న యిరువురు పొరుగువారి ఆటను జూచుటకు లండను నగరమున ఎనుబదివేలకు మించిన జనము గూడినది. 1954లో క్రూక్ జట్టునకును బిషప్ ఆక్లండ్ జట్టునకును అదే మైదానమున కడపటి పోటీ జరుగగా, లక్షమంది ప్రేక్షకులు వచ్చిరి. ఆ పోటీ మూడు ఆటలు సాగినగాని తెగలేదు. తుదకు క్రూక్ గెలిచెను. 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా మూడుమారులు కప్పు బిషప్ ఆక్లండుదే. మొత్తముమీద ఆ క్లబ్బు పదిమారులును, క్రూక్ అయిదుమారులును ఆ కప్పును గెలిచినవి.

1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ నగరమున జరిగిన విమానప్రమాదమున మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాండ్రు ఎనమండుగురు మరణించిరి. ఆ మహాక్లబ్బునకు ఆటగాండ్రే కొరవడినప్పుడు బిషప్ ఆక్లండ్ తన జట్టునుండి ముగ్గురిని సాయముగా పంపినది. వారు బాబ్ హార్డిస్టీ, డెరెక్ లెవిన్, వారెన్ బ్రాడ్లీ. వీరిలో బ్రాడ్లీ బడిపంతులు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు జట్టునకును ఆడెను. చిన్నవాడు పెద్దవానికి చేయూత నిచ్చిన యీ యుదంతము ఆ లీగు చరిత్రమున పెక్కు కప్పులకంటె విలువైనది.

మన దేశమునకును ఆ తరముతో నొక సంబంధము గలదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ పోటీలలో హార్డిస్టీ బ్రిటిషు జట్టున ఆడెను. ఆ పోటీలలోనే భారతదేశపు జట్టు నాల్గవ స్థానము నందినది. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్నునకు వెళ్లిన జట్టులోనివాడు. అతడు 1957లో కలకత్తాలోని ఈస్టు బెంగాలు క్లబ్బున చేరెను. ప్రతిభ గలవారిని మహానగరములు పిలుచుకొనుట ఇంగ్లండున నెట్లో ఇచ్చటనట్లే. పోయినవానికి మారుగా మరియొకడు పుట్టవలెనన్నచో స్వస్థలమున ఆటస్థలము బ్రదికియుండవలయును.

ఇక పతనమును గూర్చి. కారణములు రెండు తెరగులు: బయటనుండి వచ్చినవి, లోపలనుండి పుట్టినవి.

బయటి కారణములలో మొదటిది జీవనాధారము నశించుట. 1947 జనవరి 1వ తేదీన బ్రిటిషు గనులు ప్రభుత్వపరమయ్యెను. పశ్చిమ డర్హామునందలి గనులు ప్రాచీనములు, పొరలు పలుచనివి, త్రవ్వగలిగినది చాలవరకు త్రవ్వబడినది. 1950, 1960 దశాబ్దములలో అవి యొకదానివెనుక నొకటి మూతపడినవి. అంతకుముందే, 1951లో, మండలసభవారు తమ యభివృద్ధిప్రణాళికలో పల్లెలను నాలుగు తరగతులుగా విభజించి, 114 పల్లెలను కడపటిదైన 'డి' తరగతిలో వ్రాసిరి. ఆ తరగతిలోని పల్లెకు క్రొత్త యిండ్లు లేవు, క్రొత్త ఖర్చు లేదు. అది తనంత తాను క్షీణించిపోవలసినదే. 1977లో ఆ పద్ధతిని విడనాడిరి గాని అప్పటికే పెక్కు కుటుంబములు తరలిపోయినవి. పడుచువాండ్రు లేని యూరికి జట్టెక్కడిది? 1993లో ఈజింగ్టన్ మొదలగు కడపటి గనులును మూతపడగా, డర్హాం మండలమున లోతైన గనుల త్రవ్వకము ముగిసినది.

రెండవది కాలము తెచ్చిన మార్పు. మోటారుకార్లు వచ్చినవి, టెలివిజను వచ్చినది. శనివారమున ఊరి ఆటకు బోవువాడు న్యూకాసిలునకో సండర్లండునకో బోయి మహాక్లబ్బుల ఆటను జూడసాగెను. లేక యింటనే కూర్చుండెను. ఈ రెంటికిని ఆ పల్లెలవారిని నిందింప బనిలేదు.

లోపలి కారణములు వేరు. వానికి వారే కర్తలు. మొదటిది దొంగలెక్క. వేతనము గొననివాడని పేరు, చాటుగా వేతనము! ఆట ముగిసినపిదప ఆటగాని బూట్లలో నాణెములు పెట్టుట పరిపాటియై, దానికి 'బూటు సొమ్ము' అను పేరే యేర్పడినది. 1928 ప్రాంతమున క్రూక్ క్లబ్బు లెక్కలనుండి బయలుదేరిన విచారణ మండలమంతట వ్యాపించి, 300 మందికి పైగా ఆటగాండ్రు ఆటనుండి బహిష్కృతులైరి. కూలివాడు ఒకపూట సొమ్ము పుచ్చుకొనుట మహాపాతకమని మేము చెప్పము. దారిద్ర్యము నెరిగినవారు వానిని తూలనాడరు. కాని బహిరంగముగా ఇచ్చి లెక్క వ్రాయుటకు మారుగా, అందరును దాచి, అందరును ఎరిగి, అందరును ఎరుగనట్లు నటించుటవలన సంఘమునకు సత్యబలము పోయినది. తుదకు 1974లో ఫుట్‌బాలు అసోసియేషనువారు ఔత్సాహికుడు, జీతగాడు అను భేదమునే కొట్టివేసిరి. ఆ యేటితో ఔత్సాహికుల కప్పు పోటీయును ఆగిపోయినది. డర్హాం పల్లెలకు వెంబ్లీ బాట మూసికొనిపోయినది.

రెండవది ప్రాచీనతాగర్వము. 1979 మొదలుకొని ఇంగ్లండున పెద్దలీగులు, చిన్నలీగులు నిచ్చెనమెట్లవలె కూర్పబడసాగినవి. క్రిందిమెట్టున గెలిచినవాడు పైమెట్టు నెక్కవచ్చును. ఆ యేర్పాటున చేరుడని పిలుపు వచ్చినను నార్దర్ను లీగువారు వెలుపల నుండిరి. తమ లీగు నూరేండ్లకు సమీపించినది, తాము ఇతరులకు క్రిందిమెట్టుగా నుండుట యేమి యని వారి యభిమానము. ఆ నిచ్చెనలో వారు చేరునప్పటికి 1991 వచ్చినది. ఈలోపల ఎదుగగోరిన క్లబ్బులు వెడలిపోవ మొదలిడినవి. 1988లో బిషప్ ఆక్లండే వెడలిపోయెను. తలుపు మూసికొని కూర్చున్న యింటినుండి ముందుగా వెడలిపోవునది ఆ యింటి జ్యేష్ఠపుత్రుడే గదా!

ఆ దేశమందంతటను మూయబడిన తలుపు మరియొకటి గలదు. 1921లో ఫుట్‌బాలు అసోసియేషనువారు తమ క్లబ్బుల మైదానములలో స్త్రీలు ఆడరాదని శాసించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నిలిచినది. ఊరిలో సగముమందిని ఆటస్థలము వెలుపల నిలిపి, పిమ్మట ఊరికి ఆటపై ప్రేమ తగ్గినదని వగచుటవలన ప్రయోజనమేమి?

వెస్ట్ ఆక్లండ్ తెచ్చిన ఆ వెండికప్పు ఏమయ్యెనో వినుడు. ట్యూరిన్ ప్రయాణముచే అప్పులపాలైన క్లబ్బు, ఆ కప్పును ఊరిలోని హోటలు యజమానురాలియొద్ద 40 పౌనులకు కుదువబెట్టెను. అది దాదాపు అర్ధశతాబ్దము ఆమె కుటుంబమునొద్దనే యుండినది. 1960లో గ్రామస్థులు 100 పౌనులు చందా కూర్చి దానిని విడిపించుకొనిరి. 1994లో అది దొంగలపాలైనది. నేడక్కడ నున్నది దాని ప్రతిరూపము మాత్రమే. కప్పు చేతులు మారినను, దొంగలు కొనిపోయినను, వెస్ట్ ఆక్లండున ఆట మాత్రము నిలిచినది. 2012లోను, 2014లోను ఆ పల్లె జట్టు చిన్నక్లబ్బుల జాతీయపోటీయైన ఎఫ్.ఏ. వేజ్ కడపటి ఆట ఆడుటకు వెంబ్లీకి మరల వెళ్లినది. నిచ్చెనలో చేరినపిదప నార్దర్ను లీగు క్లబ్బులు 2009 మొదలు 2013 వరకు ఆ వేజ్‌ను వరుసగా అయిదేండ్లు గెలిచినవి. కొన్ని పల్లెల జట్లు, ఈవెన్‌వుడ్ వంటివి, స్వస్థలమున నిలువలేక పోయినవి. లీగు మాత్రము నేటికిని సాగుచున్నది. వెనుకటి లక్షమంది లేరు; తలుపు తెరచినపిదప ఊపిరి వచ్చినది.

సోదరులారా! ఈ చరిత్రమును మన ప్రస్తుతవిషయమునకు అన్వయించి మా మనవిని ముగించెదము.

మొదటి మనవి పోషకమహాశయులకు. మీ రొసంగదలచిన ద్రవ్యము వెండికప్పునకు వెచ్చింపబడినచో అది ఒక జట్టు బీరువాలో ఒక సంవత్సరముండును. అదే ద్రవ్యముతో రెండూళ్ల నడుమ నొక ఎకరమో రెండెకరములో భూమి కొని, చదునుచేయించి, గట్టు వేయించి, నీటివసతి కల్పించినచో అందు మీ మనుమలును ఆడుకొందురు. కప్పు లేక ఆట సాగును. నేల లేక సాగదు.

రెండవ మనవి కార్యనిర్వాహకవర్గమునకు. ఒక్కసారి యిచ్చు పెద్దవిరాళముకంటె ఏటేట అందరు నిచ్చు చిన్నచందా స్థిరమైనది. టన్నుకొక పెన్నీ మాటను మరువవలదు. వసూలైనదెంత, ఖర్చైనదెంత, ఆటగాండ్ర దారిబత్తెమున కెంత యిచ్చితిమి అను లెక్క ప్రతిసంవత్సరము ఈ సంచికయందే అచ్చుపడవలయును. పేదపిల్లవానికి ఖర్చు లిచ్చుట నామర్దా గాదు. ఇచ్చి దాచుటయే నామర్దా.

మూడవ మనవి యువజనులకు. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. ఐనను చెప్పక తప్పదు. పోటీలు మన కులమువారికే పరిమితములు గావలయునని మీరు కోరితిరి. డర్హాం గనిలో ఐర్లండునుండి వలసవచ్చిన కథోలికుడును, మెథడిస్టు శాఖవాడును ఒకే పంజరమున దిగిరి. జట్టు మాత్రము ఊరి పేరనే యుండినది. ఊరి పేరనుండుటచేతనే ఊరంతయు దాని వెంట నడచినది. మన కులసంఘము వసతిగృహములు కట్టినది, విద్యార్థివేతనము లిచ్చినది. అవి మనలో వెనుకబడినవారిని లేపుటకై యేర్పడినవి. ఆటస్థలము లేపునది ఊరిని. మనము కొన్న నేలపై పొరుగువాని బిడ్డ ఆడినచో మనకు తరుగునది లేదు. వాడు లేనిచో మనకు ఎదుటిజట్టే లేదు. కావున సంఘము నేల నిచ్చుగాక, పోటీ ఊరూరికి నడుమ జరుగుగాక. బాలికలకును వారములో నిర్ణీతదినములు ఆ స్థలమున నుండవలయును.

పై మూడు మనవులను తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారి కందజేసితిమి. సమ్మతింతురో, సవరింతురో, త్రోసిపుత్తురో మహాసభవారి చిత్తము.